హాలీవుడ్ రాని ఏడాది శాన్ డియేగో కామిక్ కాన్

కామిక్స్, సినిమాల అభిమానుల పండగ శాన్ డియేగో కామిక్ కాన్‌కి గేటు దగ్గర టికెట్ అమ్మరు. వెళ్లాలనుకునే వాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఇదే. వాళ్ల సైట్‌లో మెంబర్ ఐడీ తీసుకోవాలి, అమ్మకం రోజున ఆన్‌లైన్ వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవాలి, వంతు కోసం చూడాలి. ముందొచ్చిన వాళ్లకి ముందు అనే లెక్కేమీ లేదు, వరస కంప్యూటర్ నిర్ణయిస్తుంది. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజుల సంబరం, బుధవారం సాయంత్రం ప్రివ్యూ నైట్ అదనం. టికెట్‌ని ఇక్కడ బ్యాడ్జి అంటారు, ఏ రోజు బ్యాడ్జి ఆ రోజుకే. నాకూ మా బావమరిదికీ 2023 జులైకి గురు, శుక్ర, ఆదివారాలు దొరికాయి, శనివారం దొరకలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచిదైంది. మధ్యలో ఒక రోజు కాళ్లకి విశ్రాంతి, ఊరు చూడటానికి తీరిక.

మేముండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఆ వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు, మన లెక్కలో 43 సెల్సియస్. ఇంటర్‌స్టేట్ 8 మీద గీలా బెండ్, యూమా మీదుగా ఆరు గంటల ప్రయాణం. పెట్రోలు యూమాలోనే నింపుకోండి, కాలిఫోర్నియాలోకి అడుగుపెడితే ధర అమాంతం పెరుగుతుంది. యూమా దాటాక ఇసుక దిబ్బలు, ఆ తర్వాత నిటారు కొండ. అక్కడ ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని బోర్డులు, రోడ్డు పక్కన రేడియేటర్‌లో పోసుకోవడానికి నీళ్ల పీపాలు ఉంటాయి. పాత కారు అయితే ఆ బోర్డుల మాట వినడమే మంచిది. కొండ దిగాక అద్దాలు దించితే చల్లగాలి. ఆ వేసవిలో ఇంటి నుంచి బయటికొచ్చి హాయిగా ఊపిరి పీల్చుకున్నది అక్కడే.

బస సంగతి. ఈ సంబరం జరిగే కన్వెన్షన్ సెంటర్ చుట్టుపక్కల హోటళ్లకి కామిక్ కాన్ వాళ్లే ఒక రోజు పెట్టి బుకింగ్ తెరుస్తారు, అక్కడా అదృష్టమే. నడిచి వెళ్లగలిగే దూరంలో గది దొరికితే మధ్యాహ్నం కొన్న పుస్తకాలు గదిలో పెట్టి, కాసేపు నడుం వాల్చి మళ్లీ వెళ్లొచ్చు. ఆ సుఖానికి తగ్గట్టే ధర కూడా ఉంటుంది. మేం ఊరికి కాస్త ఎడంగా మిషన్ వ్యాలీలో దిగాం. అక్కడ గది తీసుకునేవాళ్లు హోటల్ రేటింగ్ కంటే ముందు ట్రాలీ (ఊళ్లో తిరిగే చిన్న రైలు) స్టేషన్ ఎంత దూరమో చూసుకోండి. హోటల్ సర్కిల్ రోడ్డు మీద గదులు చవకే కానీ చాలావాటికి స్టేషన్ దూరం. ఫ్యాషన్ వ్యాలీ, హజార్డ్ సెంటర్ స్టేషన్లకి దగ్గరగా ఉంటే గ్రీన్ లైన్ ట్రాలీ ఎక్కి, ఎక్కడా మారకుండా, కన్వెన్షన్ సెంటర్ ఎదురుగా దిగిపోవచ్చు. అప్పట్లో టికెట్ రెండున్నర డాలర్లు, ప్రోంటో యాప్‌లో కడితే రోజంతా ఎన్నిసార్లు తిరిగినా ఆరు డాలర్లు దాటేది కాదు.

మేం దిగిన హోటల్లో గది శుభ్రంగా ఉంది, ఫ్రిజ్, మైక్రోవేవ్ పనిచేశాయి. బుకింగ్‌లో ఎక్కడా కనపడని పార్కింగ్ చార్జీ మాత్రం చెకిన్‌లో బయటపడింది, రోజుకింత చొప్పున. బుకింగ్ కాగితం చూపించి నిలబడి మాట్లాడితే కొంత తగ్గించారు. కాబట్టి ఆ కాగితం ప్రింట్ తీసుకెళ్లండి. డౌన్‌టౌన్‌కి కారు తీసుకెళ్లే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. అక్కడి పార్కింగ్ కూడా నెలల ముందే అమ్ముడైపోతుంది. బ్యాడ్జి ఉన్నవాళ్ల కోసం చాలా హోటళ్ల దగ్గర నుంచి ఉచిత షటిల్ బస్సులు తిరుగుతాయి. పొద్దున ట్రాలీ, రాత్రి అలసిపోయాక షటిల్, ఇది మాకు బాగా కుదిరింది.

తిండి విషయంలో లోపల దొరికేదాని మీద ఆధారపడకండి. పిజ్జా ముక్కకి కూడా పెద్ద లైను, పెద్ద బిల్లు. ఎదురుగా గ్యాస్‌ల్యాంప్ క్వార్టర్ నిండా రెస్టారెంట్లే కానీ ఆ నాలుగు రోజులూ కూర్చోడానికి చోటు దొరకడం కష్టం. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర, చపాతీలు మాకు రెండు పూటలు గడిపాయి. మనవాళ్ల భోజనం కావాలంటే ఉత్తరాన మీరా మెసాలో బ్లాక్ మౌంటెన్ రోడ్డు వైపు వెళ్లాలి. దోసెలు, బిర్యానీ, కిరాణా అన్నీ అక్కడే. కారులో వెళ్తే దూరం అనిపించదు.

ఇక అసలు విషయం. ఆ ఏడాది హాలీవుడ్ రాలేదు. రచయితల సమ్మె మే నుంచి నడుస్తోంది, జులై 14 నుంచి నటులు కూడా చేరారు. పెద్ద స్టూడియోలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. సినిమా తారల కార్యక్రమాలు జరిగే హాల్ హెచ్ అనే పెద్ద హాలులో దాదాపు 6,500 మంది పడతారు. మామూలుగా దాని బయట గడ్డి మీద రాత్రంతా పడుకుని ఉదయానికి లోపలికి వెళ్తారు. ఒక కార్యక్రమం అయ్యాక హాలు ఖాళీ చేయించరు కాబట్టి, సాయంత్రం కార్యక్రమం కోసం పొద్దుటి నుంచే కూర్చునేవాళ్లు ఎక్కువ. 2023లో ఆ ఒత్తిడి తగ్గింది. మనవాళ్లు మాత్రం వచ్చారు. జులై 20న ప్రభాస్, కమల్ హాసన్, రానా, దర్శకుడు నాగ్ అశ్విన్ వచ్చి, అప్పటిదాకా ప్రాజెక్ట్ కె అని పిలిచిన సినిమాకి కల్కి 2898 ఏడీ అని పేరు ప్రకటించారు. వాళ్లు వస్తున్నారని తెలిసిన రోజు నుంచి మా బావమరిది నిద్రపోలేదు. లైన్లోంచి నాకు ఫోన్ చేసి, "బావా, ఎటు చూసినా మనవాళ్లే, ఎవరో గోంగూర పచ్చడి అన్నం కూడా తెచ్చారు" అన్నాడు. లోపల తెలుగులో ఈలలు, కేకలు. మన సినిమా పేరు ఆ తెర మీద పడ్డప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది, దాచుకోవాల్సిన పనేం లేదు.

కానీ నేను వెళ్లింది కామిక్స్ కోసం. ఈ సంబరం మొదలైందే వాటి కోసం. 1970 మార్చిలో యూఎస్ గ్రాంట్ హోటల్లో ఒక్కరోజు చిన్న సమావేశంగా పెట్టారు, ఆగస్టులో మూడు రోజుల అసలు కార్యక్రమం. దానికి 300 మంది వచ్చారు, అతిథుల్లో కామిక్స్ చిత్రకారుడు జాక్ కర్బీ, సైన్స్ ఫిక్షన్ రచయిత రే బ్రాడ్‌బరీ ఉన్నారు. ఇప్పుడు 1,30,000 మందికి పైగా వస్తారు. వాళ్లలో చాలామంది కామిక్స్ బల్లల వైపు చూడకుండానే తిరిగి వెళ్లిపోతారు. సినిమా తారలు రాని ఏడాది కాబట్టి ఆ బల్లల దగ్గర తీరిగ్గా మాట్లాడే వీలు దొరికింది. నన్నడిగితే ఎప్పుడు వెళ్లినా ఇలాగే చూడాలి. పెద్ద హాలుకి ఒక్క పూట ఇవ్వండి, మిగతాదంతా కింద అంతస్తుకి ఇవ్వండి.

కింద ఎగ్జిబిట్ హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడవడమే ఒక పని. ఒక చివర పాత కామిక్స్ అమ్మేవాళ్లు, ప్లాస్టిక్ కవర్లలో డెబ్బై ఎనభై ఏళ్ల నాటి పుస్తకాలు. మధ్యలో పెద్ద కంపెనీల స్టాళ్లు, బొమ్మలు, జనం, చప్పుడు. రెండో చివర ఆర్టిస్ట్స్ ఆలీ. అక్కడ చిత్రకారులు వరసగా బల్లలు వేసుకుని కూర్చుంటారు. తాము గీసిన అసలు పేజీలు అమ్ముతారు, అడిగితే మనకి కావాల్సిన బొమ్మ వేసిస్తారు. దీన్నే కమిషన్ అంటారు. కమిషన్ కావాలంటే గురువారం పొద్దున తలుపులు తీయగానే వెళ్లాలి, మధ్యాహ్నానికి చాలామంది జాబితాలు నిండిపోతాయి. నగదు తీసుకెళ్లండి, ఆ జనంలో ఫోన్ సిగ్నల్ సరిగా అందక కార్డు యంత్రాలు తరచూ మొరాయిస్తాయి.

అసలు పేజీని దగ్గర నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవున్న దళసరి అట్ట. దాని మీద లేత నీలం పెన్సిల్ గీతలు అలాగే ఉన్నాయి. అచ్చుకి ఫోటో తీసే పాత కెమెరాలకి ఆ నీలం కనపడదు కాబట్టి చెరపాల్సిన పని ఉండేది కాదట. వాటి మీద నల్ల సిరా. ఒక మొహం దగ్గర తెల్ల రంగు పూసి కన్ను మళ్లీ గీశారు. వేలితో తడిమితే ఆ చోట కాస్త ఎత్తుగా తగిలింది. అంచున ఎడిటర్ పెన్సిల్‌తో రాసిన పేజీ నంబరు, ఒక మూల కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మరక. అచ్చయిన పుస్తకంలో ఇవేవీ ఉండవు. ఒక మనిషి ఒక రాత్రంతా ఆ బల్ల ముందు కూర్చున్నాడని ఆ పేజీ చూస్తేనే తెలుస్తుంది.

ఆ పేజీ అరవై దాటిన ఒక ఇంకర్‌ది. ఇంకర్ అంటే పెన్సిల్ బొమ్మకి సిరాతో ప్రాణం పోసేవాడు. చిన్నప్పుడు ఏ కామిక్స్ చదివావని అడిగాడు. ఫోన్లో చందమామ పేజీలు తీసి చూపించాను, శంకర్ గారు వేసిన విక్రమార్కుడు, భుజం మీద బేతాళుడు. ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, వేళ్లతో పెద్దది చేసి, శవం వేలాడే చేయి దగ్గర ఆగాడు. "ఈ గీత కుంచెతో ఒక్క ఊపులో వేసింది. మధ్యలో ఎత్తలేదు" అన్నాడు. 1947లో మొదలైన పత్రిక అని, పిల్లల కోసం నెలనెలా ఎన్నో భాషల్లో వచ్చేదని చెప్పాను. పక్క బల్ల ఆమెని కూడా పిలిచి చూపించాడు. మన ఇళ్లలో పిల్లల పుస్తకం అని పక్కన పెట్టేసిన బొమ్మని, జీవితమంతా సిరా పట్టిన మనిషి అంత గౌరవంగా చూడటం నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆయనకే ఒక కమిషన్ ఇచ్చాను, తన పద్ధతిలో విక్రమార్కుడు బేతాళుడు. అక్కడ కుదరదు, ఇంటికెళ్లి వేసి పోస్టులో పంపుతానన్నాడు.

శుక్రవారం రాత్రి పక్కనే ఉన్న హిల్టన్ బేఫ్రంట్‌లో ఐస్నర్ అవార్డులు. కామిక్స్‌కి ఇంతకంటే పెద్ద గౌరవం లేదు, పైగా బ్యాడ్జి ఉంటే వెనక వరసల్లో ఉచితంగా కూర్చోవచ్చు. అయినా ఈ సంగతి చాలామందికి తెలియదు. 2021లో ముంబయి చిత్రకారుడు ఆనంద్ ఆర్‌కెకి ఈ అవార్డు వచ్చింది. 2023లో కెనడా కామిక్స్ కళాకారిణి కేట్ బీటన్ 'డక్స్' అనే పుస్తకానికి రెండు గెలుచుకుంది. చదువుకి చేసిన అప్పు తీర్చడానికి ఊరొదిలి కెనడా చమురు ఇసుక గనుల్లో పనికి వెళ్లిన రోజులని ఆమె అందులో బొమ్మల్లో చెప్పింది. ఆ మాట వినగానే మా బావమరిది నావైపు తిరిగాడు. ఎంఎస్ కోసం చేసిన అప్పు తీరేదాకా వాడు ఎలా బతికాడో నాకు తెలుసు. ఆదివారం ఆ పుస్తకం వాడే కొన్నాడు. తిరుగు ప్రయాణంలో యూమా దాకా నేనే బండి నడిపాను, వాడు చదువుతూనే ఉన్నాడు.

శనివారం బాల్బోవా పార్కులో కామిక్ కాన్ మ్యూజియం చూశాం. 2021 నవంబరులో తెరిచారు. పిల్లలతో వచ్చేవాళ్లకి, బ్యాడ్జి దొరకని వాళ్లకి ఇది మంచి ప్రత్యామ్నాయం. తోపులాట లేదు, ప్రతిదాని ముందూ నిలబడి చదువుకోవచ్చు. కామిక్స్ చరిత్ర తెలిసినవాళ్లకి ఇంకా ఎక్కువ ఉండాల్సింది అనిపిస్తుంది. పార్కు మాత్రం ఎంత తిరిగినా తనివి తీరదు.

వచ్చాక మొదట పట్టుకున్నది దగ్గు. అభిమానులు దీన్ని కాన్ క్రడ్ అంటారు, అంత మంది మధ్య తిరిగితే తప్పదు. లైన్లలో మాస్కు పెట్టుకోండి, తర్వాతి సోమ, మంగళ వారాలకి సెలవు ముందే రాసేయండి. ఎండ రాష్ట్రాల వాళ్లకి ఇంకో మాట. పుస్తకాలు డిక్కీలో పెట్టొద్దు. ఆ వేడికి అట్టల జిగురు కరిగి పేజీలు ఊడిపోతాయి. మేం వెనక సీట్లో, ఏసీ తగిలే చోట పెట్టుకుని తెచ్చాం. ఇంటికి రాగానే ఒక్కో కామిక్‌ని పారదర్శక కవర్లో, వెనక ఆమ్లం లేని అట్ట పెట్టి, నిలబెట్టి సర్దాను. ఆ తర్వాతి బుధవారం, అంటే అమెరికాలో కొత్త కామిక్స్ వచ్చే రోజు, మా ఊరి షాపులో పుల్ లిస్ట్ తెరిచాను. మనకి కావాల్సిన సిరీస్ పేర్లు చెబితే ప్రతి సంచికా మనకోసం తీసి ఉంచుతారు. చిన్న షాపులు నిలబడేది ఈ జాబితాల మీదే.

బేతాళుడి బొమ్మ అక్టోబరులో వచ్చింది, రెండు అట్టల మధ్య, వంగకుండా టేపు చుట్టి. చెట్టు మర్రి కాదు, వాళ్ల ఊరి ఓక్. విక్రమార్కుడి కత్తి మాత్రం శంకర్ గారి బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఎండలోని యూవీ కిరణాలని ఆపే అద్దం వేయించి, ఎండ పడని గోడ చూసి తగిలించాను. కమిషన్ బొమ్మలు తెచ్చుకునే వాళ్లెవరైనా అద్దం దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు.