యానాం అన్నమ్మ గారి గుడి, గోదావరి కనిపించని గది

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, ఆ మంట ఇంకా చల్లారలేదు. గోదావరి కనిపించే ఏసీ గది అని ఫోన్లో చెప్పి 1,800 ముందే వేయించుకున్నారు. తీరా వెళ్లి కిటికీ తీస్తే పక్కింటి గోడ. అడిగితే "డాబా ఎక్కితే గోదారే కదండీ" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. మా అమ్మకి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మూడంతస్తులు ఎక్కి చూడాలట! రాత్రి కరెంటు పోయి ఉక్కలో కూర్చున్నాం. పొద్దున బిల్లులో మాత్రం జనరేటర్ పేరిట 200. గది కళ్లతో చూడకుండా పైసా కట్టకండి. కాకినాడ 30 కిలోమీటర్లే, అక్కడ దిగి పొద్దున్నే బస్సులో రావడం మేలు. అమ్మ ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు.

పునీత అన్నమ్మ గారి గుడి చూడాలని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. "యేసుబాబుకి అమ్మమ్మరా ఆవిడ" అంటుంది.

మేం వెళ్లేసరికి తలుపులు వేసున్నాయి. గుడి చూసుకునే పెద్దాయన అమ్మని నీడలో కూర్చోబెట్టి, తాళం తెచ్చి తీశారు. లోపల ఎంత చల్లగా ఉందో! డెల్టాలో రాయి దొరకదు. ఆ కాలంలో పెద్ద కట్టడమంటే ఇటుక, గానుగ సున్నమే, గోడ మందమే బలం. ఫ్రెంచి మిషనరీలు దీన్ని 1846లో పూర్తి చేశారు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది ఆ మరుసటి ఏడాది. గుడి పూర్తి కావడానికి ఏడేళ్ల ముందు, 1839 నవంబర్లో, పక్కనే ఉన్న కోరంగి రేవుని ఉప్పెన ఊడ్చేసింది. అది చూసిన జనం మధ్య ఇంత గుడి లేపడానికి ఎంత ధైర్యం కావాలి! పెద్దాయనకి 1996 నవంబర్ 6 తుఫాను బాగా గుర్తు. ఆ రాత్రి గురించి చెబుతూ, ఇంట్లో ఎద్దుని తట్టినట్టు గోడని అరచేత్తో తట్టారు.

బలిపీఠం ఫ్రాన్సు నుంచి తెప్పించారని చెబుతారు. నేను దాని ముందే ఉండిపోయాను. అమ్మ మాత్రం యేసు సిలువ మోసిన దారిని చూపే సిలువ మార్గం 14 స్థలాల దగ్గరా ఆగుతూ నడిచింది. నాలుగో స్థలం, యేసు తల్లిని కలుసుకునే చోట, చాలాసేపు నిలబడింది. మోకాళ్ల మాటే ఎత్తలేదు. ఫ్రాన్సులో అన్నమ్మ గారిని చాలాచోట్ల మరియమ్మకి పుస్తకం పట్టి చదువు చెబుతున్నట్టు చెక్కుతారని చెప్పాను. "నాకు అక్షరాలు దిద్దించింది మా అమ్మమ్మే" అంది, కళ్లు తుడుచుకుంటూ.

హడావుడిగా చూసి వెళ్లిపోయే చోటు కాదిది, కనీసం గంట కూర్చోండి. పెద్దాయనకి 100 ఇవ్వబోతే తీసుకోలేదు, "హుండీలో వేయండమ్మా" అన్నారు.

మధ్యాహ్నం మెస్సులో చేపల పులుసుతో భోజనం 160, బాగుంది. తిరుగు బస్సులో అమ్మ మామూలుగా మాట్లాడింది. జూలై 26న అన్నమ్మ గారి పండుగకి మళ్లీ రావాలట, గది మాత్రం తనే చూస్తుందట.