రెండు ఫైళ్లలో ఒక ఎంజైమ్: ప్రోటీన్ డేటా బ్యాంకుపై ఒక సమీక్ష

రెండు లక్షలకు పైగా అణునిర్మాణాలను దాచిపెట్టుకున్న ప్రోటీన్ డేటా బ్యాంకు ఎంత మంచిదో తేల్చాలంటే, దాని మొదటి పేజీని మెచ్చుకోవడంకన్నా ఏదో ఒక అణువును పట్టుకుని చివరిదాకా చూడడమే సరైన పద్ధతి అనిపించింది. అందుకు బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియా తయారుచేసే, స్టార్చ్ గొలుసును తెంచే ఆల్ఫా అమైలేజ్‌ను ఎంచుకున్నాను. స్టార్చ్‌ను పలుచబరిచే పరిశ్రమలోనూ డిటర్జెంట్లలోనూ వాడుకలో ఉన్న ఈ ఎంజైమ్, సాధారణ ప్రోటీన్లు గడ్డకట్టిపోయే 90 డిగ్రీల సెల్సియస్ వేడిలో కూడా నిలబడి పనిచేస్తుంది. దీని నిర్మాణం 1995లో ఒకసారి, 1998లో మరోసారి వెలువడింది. మొదటిది 1బీపీఎల్ అనే సంకేతంతోనూ, రెండవది 1బీఎల్ఐ అనే సంకేతంతోనూ ఈ బ్యాంకులో దొరుకుతాయి.

సేవ గురించిన సాధారణ విషయాలు క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ నేషనల్ లాబొరేటరీలో ఏడు నిర్మాణాలతో మొదలైన ఈ బ్యాంకును ఇప్పుడు అమెరికా, యూరప్, జపాన్ కేంద్రాలు కలిసి నడుపుతున్నాయి. రుసుము లేదు, ఖాతా తెరవవలసిన పని లేదు, తీసుకున్న ఫైలును దేనికి వాడుకున్నా అడ్డు చెప్పేవారు లేరు. నాలుగు అక్షరాల సంకేతం వెతుకుపెట్టెలో కొడితే పేజీ తెరుచుకుంటుంది. మోల్‌స్టార్ అనే వీక్షణి బ్రౌజరులోనే అణువును తిప్పి చూపిస్తుంది.

1బీపీఎల్‌ను తెరిచి చూడగానే ఆకట్టుకునేది మధ్యలోని పీపా. ఎనిమిది బీటా తంతువులు (గొలుసులో చాచినట్లుండే ముక్కలు) లోపల వలయంగా నిలబడితే, ఎనిమిది ఆల్ఫా హెలిక్స్‌లు (స్ప్రింగులా చుట్టుకున్న ముక్కలు) వాటి చుట్టూ బయట గోడ కట్టినట్లు ఉంటాయి. ట్రయోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ అనే ఎంజైమ్‌లో మొదట కనబడినందువల్ల దాని పొడి అక్షరాలతో దీన్ని టిమ్ పీపా అంటారు. ఇది ఎంజైమ్‌లోని 'ఎ' భాగం. మూడవ తంతువు ముగిసి మూడవ హెలిక్స్ మొదలయ్యేలోపు అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చిన ప్రోటీన్ గొలుసు దారి తప్పి బయటికి వెళ్లి, సుమారు వంద అమైనో ఆమ్లాల పొడవునా మెలికలు తిరిగి, మళ్లీ పీపాలోకి వస్తుంది. ఆ పక్కదారే 'బి' భాగం. గొలుసు చివర బీటా తంతువులు ఒకదానిపై ఒకటి పరచుకుని విడిగా కట్టుకున్న మడత 'సి' భాగం. 'ఎ', 'బి' భాగాల మధ్య పొడవాటి గాడి ఒకటి ఉంటుంది. స్టార్చ్ గొలుసు వచ్చి పడుకునేది ఆ గాడిలోనే. ఈ ఎంజైమ్ స్టార్చ్ గొలుసును చివరినుంచి కాకుండా మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఎలా తెంచగలదో ఆ గాడి రెండు కొసలూ తెరుచుకుని ఉండడం చూస్తే వెంటనే అర్థమవుతుంది. పాఠ్యపుస్తకంలోని చదును బొమ్మ ఎంత బాగా గీసినా ఈ సంగతిని చెప్పలేదు.

గాడి అడుగున మూడు అమైనో ఆమ్లాలు కనిపిస్తాయి: గొలుసులో 231వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం, 261లో గ్లుటామిక్ ఆమ్లం, 328లో మళ్లీ ఆస్పార్టిక్ ఆమ్లం. మొదటిది గ్లూకోజ్ వలయంపై దాడిచేసి దానితో తాత్కాలికంగా బంధం కట్టుకుంటుంది. రెండవది విడిపోతున్న చక్కెరకు ప్రోటాన్ అందిస్తుంది, తరువాత నీటి అణువునుంచి ప్రోటాన్‌ను తిరిగి తీసుకుంటుంది. మూడవది చక్కెరను సరైన భంగిమలో నిలిపి ఉంచడానికి తోడ్పడుతుంది. మోల్‌స్టార్‌లో రెండు పరమాణువులను ఎంచుకుని వాటి మధ్య దూరం కొలవవచ్చు. ఆ సౌకర్యం నాకు బాగా నచ్చింది. అయితే ఒక హెచ్చరిక అవసరం. ఈ నిర్మాణపు రిజల్యూషన్, అంటే విడిగా గుర్తించగల అతి చిన్న వివరపు పరిమాణం, 2.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండు కార్బన్ల మధ్య ఏకబంధం పొడవు 1.5 ఆంగ్‌స్ట్రామ్‌లే. అంటే తెరపై ముచ్చటగా కనబడే ప్రతి పరమాణువూ విడిగా కంటికి కనబడినది కాదు, స్ఫటికంపై ఎక్స్‌రేలు పంపి తయారుచేసిన ఎలక్ట్రాన్ సాంద్రత పటంలోని ఉబ్బెత్తు ఆకారంలోకి రసాయన జ్ఞానంతో ఇమిడ్చినది. హైడ్రోజన్లు అసలే కనబడవు. ఏ ప్రోటాన్ రాకపోకలమీద ఈ ఎంజైమ్ పని మొత్తం ఆధారపడి ఉందో ఆ ప్రోటానే బొమ్మలో లేదు. అయినా తెర మాత్రం అన్నింటినీ ఒకే నిబ్బరంతో గీసి చూపిస్తుంది.

ఇక అసలు విషయం. 1బీపీఎల్‌లో గొలుసు వెంట వేలు పెట్టి లెక్కించుకుంటూ వెళితే 181 తరువాత దారి తెగిపోతుంది; మళ్లీ 193 దగ్గర మొదలవుతుంది. మొత్తం 483 అమైనో ఆమ్లాల్లో 469 మాత్రమే నమూనాలో ఉన్నాయి. మొదట నేను దీన్ని ఫైలులోని లోపం అనుకున్నాను. నిజానికి ఇది ఆ ఫైలులోని అత్యంత విలువైన సమాచారం. 1995లో స్ఫటికంగా మార్చినది కాల్షియం తొలగించిన ఎంజైమ్. లోహం లేకపోవడంతో ఆ ప్రాంతంలో గొలుసు ఒక ఆకారంలో కుదురుకోలేక, స్ఫటికంలో ఒక్కొక్క అణువులో ఒక్కొక్క రకంగా ఊగిసలాడింది. సగటు పటంలో చెరిగిపోయింది. పరిశోధకులు అక్కడ ఏదో ఒకటి ఊహించి పూరించకుండా ఖాళీగా వదిలేశారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

ఆ ఖాళీ ఏమిటో తెలియాలంటే 1బీఎల్ఐ తెరవాలి. లోహాలతో కూడిన ఈ నిర్మాణంలో, దాదాపు అన్ని ఆల్ఫా అమైలేజ్‌లలోనూ ఉండే కాల్షియం స్థానం పక్కనే ఒక సోడియం, దాని అవతల ఇంకొక కాల్షియం, మూడూ ఒకే వరుసలో పూసల్లా కూర్చుని ఉంటాయి. వాటి చుట్టూ 21 అమైనో ఆమ్లాల మేర గొలుసు రూపం మార్చుకుంటుంది: ఒకచోట హెలిక్స్ విడిపోతుంది, చెదిరిన భాగం కుదురుకుంటుంది, చక్కెర కూర్చునే చోటు తయారవుతుంది. ఇవి కాక 'ఎ', 'సి' భాగాలు తాకే చోట మరో కాల్షియం ఉంది. స్టార్చ్ పరిశ్రమలో ఎంజైమ్‌తోపాటు కొద్దిగా కాల్షియం లవణం కలపడం ఎందుకో ఈ రెండు నిర్మాణాలను ఒకదానిపై ఒకటి పేర్చి చూసినప్పుడు తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియలేదు. అలా పేర్చడానికి కావలసిన పరికరం ఆ సైటులోనే ఉంది; రెండు సంకేతాలు ఇస్తే చాలు, క్షణాల్లో పని అయిపోతుంది.

నా ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఒకే ఎంజైమ్ తాలూకు ఈ రెండు పేజీలు ఒకదాన్నొకటి పరిచయం చేసుకోవు. అమైనో ఆమ్లాల క్రమం పోలికతో వెతికితే బంధువర్గం మొత్తం బయటికి వస్తుంది, కాదనను. కానీ వాటిలో ఏది లోహంతో ఉన్నది, ఏది లేనిది, ఏది పని చేయగల రూపం అన్నది తెలుసుకోవడానికి ప్రతి పేజీలోని అయాన్ల పట్టికను చదివి, మూల వ్యాసం సారాంశం దాకా వెళ్లాలి. కొత్తగా వచ్చిన విద్యార్థి అంత దూరం వెళ్లడు. ముందు కనబడిన 1బీపీఎల్‌ను దింపుకుని, తెగిన గొలుసుతోనే చక్కెర అణువును గాడిలో కూర్చోబెట్టే లెక్కలు మొదలుపెడతాడు. ఇంకో ఇబ్బంది పాత ఫైళ్లది. స్ఫటికంనుంచి వచ్చిన మూల కొలతలను నిర్మాణంతోపాటు జమచేయడం 2008 నుంచి మాత్రమే తప్పనిసరి అయింది. అంతకుముందటి నిర్మాణాన్ని వాడేవారు సాంద్రత పటం అందుబాటులో ఉందో లేదో చూసుకోవాలి. పటం ఉంటే సందేహం ఉన్న భాగం ఎంత గట్టిగా కనబడుతోందో మనమే తేల్చుకోవచ్చు. లేకపోతే నమూనా కట్టినవారి మాటే ప్రమాణం.

ఇప్పుడు ఇదే సైటులో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాము ఊహించిన నిర్మాణాలు కూడా దొరుకుతున్నాయి. వాటిని ప్రయోగ నిర్మాణాలతో కలిపేయకుండా వేరే గుర్తుతో చూపడం మంచి పని. కానీ ఈ ఎంజైమ్ వంటి వాటి విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. అటువంటి నమూనాల్లో ప్రోటీన్ గొలుసు తప్ప లోహ అయాన్లు ఉండవు, ఖాళీలు కూడా ఉండవు. లోహం ఉంటే ఒక రూపం, లేకపోతే ఇంకో రూపం అనే ఈ అణువు కథను అతుకులేని ఒక్క బొమ్మ చెప్పజాలదు.

గాడిలో నిజంగా చక్కెర ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూడాలనుకునేవారు ఈ రెండింటితో ఆగకుండా 1బీఏజీ కూడా తెరవాలి. అది బాసిల్లస్ సబ్టిలిస్ అనే దగ్గరి బంధువు బాక్టీరియా తయారుచేసే ఆల్ఫా అమైలేజ్. అయిదు గ్లూకోజ్‌ల మాల్టోపెంటాయోజ్‌తో కలిపి స్ఫటికంగా మార్చినది. మామూలు ఎంజైమ్ అయితే చక్కెరను తెంచేస్తుంది కాబట్టి, ప్రోటాన్ అందించే గ్లుటామిక్ ఆమ్లాన్ని గ్లుటమిన్‌గా మార్చి దాని పళ్లు పీకి, చక్కెర తెగకుండా ఉండేలా చూశారు. ఆ ఆమ్లం స్థానం అక్కడ 208. లైకెనిఫార్మిస్‌లో అదే 261. అంకెలను చూసి పోల్చబోతే తప్పుదారి పడతారు; ముందు రెండింటినీ పేర్చి, గాడిలో ఒకే చోట నిలిచినవేవో చూసుకుని, ఆ తరువాతే అంకెలు రాసుకోవాలి.