జీఏపీడీహెచ్ మౌస్ మోనోక్లోనల్: మూడేళ్ళు వాడాక

జీఏపీడీహెచ్ అనే ప్రోటీన్‌ని పట్టుకునే ఈ చిట్టెలుక యాంటీబాడీని కాకినాడలో మా ల్యాబ్‌లో మూడేళ్ళుగా వాడుతున్నాం. మనిషి జీఏపీడీహెచ్ మీద తయారైన క్లోన్. జీఏపీడీహెచ్ అంటే గ్లూకోజ్‌ని విరగ్గొట్టే దారిలో ఆరో మెట్టు ఎంజైమ్. మా వాడకం ఎక్కువగా వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని జెల్‌లో సైజువారీగా విడదీసి, మెంబ్రేన్ మీదకి దించి, యాంటీబాడీతో వెతికే పద్ధతి) లోడింగ్ కంట్రోల్‌గానే, అంటే అన్ని లేన్లలో ప్రోటీన్ సమానంగా పడిందో లేదో చూడటానికి. హెప్‌జీ2 (మనిషి కాలేయ క్యాన్సర్ కణాలు) లైసేట్‌లో, అంటే కణాల్ని పగలగొట్టిన ద్రవంలో, 36 కిలోడాల్టన్ల దగ్గర ఒక్కటే బ్యాండ్, శుభ్రంగా. వద్దన్నా వస్తుంది, సంక్రాంతికి కొత్తల్లుడు వచ్చినట్టు. తంటా అంతా అక్కడే.

కంపెనీ షీట్‌లో యాంటీబాడీ పలుచన 1:5000 అని ఉంటుంది. ఆ లెక్కన 20 మైక్రోగ్రాములు లోడ్ చేస్తే బ్యాండ్లన్నీ నల్లగా, సమానంగా, చూడముచ్చటగా ఉంటాయి. నమ్మకండి. ఒకే లైసేట్‌ని 2.5, 5, 10, 20, 40 మైక్రోగ్రాములుగా వరసగా వేసి చూడండి. మాకు 20కీ 40కీ తేడానే కనిపించలేదు. అంటే ఒక లేన్‌లో రెట్టింపు పడినా ఇది సమానమనే చెబుతుంది. ఇంకా ముదిరితే బ్యాండ్ నడుమ తెల్లగా బోలుగా కనిపిస్తుంది, మెంబ్రేన్ మీద ఉత్త కంటికే లేత గోధుమరంగు గీత పడుతుంది. యాంటీబాడీ చాలక కాదు, ఎక్కువై: ఫొటో తీసేలోపే హెచ్‌ఆర్‌పీ (రెండో యాంటీబాడీకి తగిలించిన ఎంజైమ్) అక్కడున్న ఈసీఎల్‌ని (వెలుగునిచ్చే ద్రవం) తినేస్తుంది. ఇప్పుడు మా లెక్క 8 మైక్రోగ్రాములు, 12 శాతం జెల్, ప్రైమరీ (ఈ యాంటీబాడీ) 1:20000, సెకండరీ (దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీ) 1:10000.

వయల్ 50 శాతం గ్లిసరాల్‌లో వస్తుంది, మైనస్ 20లో గడ్డకట్టదు. కరెంటు కోతలకి తట్టుకున్నది అందుకే. కానీ గ్లిసరాల్ జిగటకి టిప్ బయట అంటుకున్నది కూడా బఫర్‌లో కలిసిపోతుంది. టిప్ కొస మాత్రమే ముంచి మెల్లగా లాగండి. నేరుగా అర మైక్రోలీటరు కొలవొద్దు: 2 మైక్రోలీటర్లు 18 బఫర్‌లో కలిపి, అందులోంచి 5 తీసి 10 మిల్లీలీటర్లలో వేయండి.

ప్రోటోకాల్‌లో రూమ్ టెంపరేచర్ అంటే 20–25 డిగ్రీలు. ఏసీ ఆగిన మే మధ్యాహ్నం మన గది 35 దాటుతుంది, బ్యాక్‌గ్రౌండ్ మబ్బులా పట్టేస్తుంది. మెంబ్రేన్‌ని ప్రైమరీలో రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచడమే మేలు. పాలపొడి బఫర్ (మెంబ్రేన్ మీద ఖాళీలు మూసేది) ఏ పూటకాపూట కలుపుకోండి, ఫ్రిజ్ ఆగితే తెల్లారేసరికి పుల్లవాసన. ప్రైమరీ మళ్ళీ వాడుకోవాలంటే 5 శాతం బీఎస్‌ఏలో (ఆవు ఆల్బుమిన్ ప్రోటీన్) కలిపి, పాడవకుండా 0.02 శాతం సోడియం అజైడ్ వేయండి. మాకు ఐదు బ్లాట్లు వచ్చాయి. అజైడ్ హెచ్‌ఆర్‌పీని చంపుతుంది, కాబట్టి సెకండరీకి ముందు టీబీఎస్‌టీతో (కడిగే బఫర్) పదేసి నిమిషాలు మూడు వాష్‌లు తప్పవు.

చిట్టెలుక లివర్‌లో పనిచేస్తుంది, కాకపోతే ఆ టిష్యూలోని సొంత యాంటీబాడీల్ని (ఐజీజీ) సెకండరీ పట్టుకుని 25, 50 కిలోడాల్టన్ల దగ్గర అదనపు బ్యాండ్లు తెస్తుంది. భీమవరం నుంచి వనామీ శాంపిల్స్ తెచ్చేవాళ్ళకి ముందే చెబుతున్నాం: రొయ్య కండరంలో మాకు ఏమీ రాలేదు.

హైపాక్సియా (ఆక్సిజన్ తక్కువ ఉంచే), ఇన్సులిన్ ప్రయోగాలకి మాత్రం వద్దు. వాటిలో జీఏపీడీహెచ్ తానే పెరుగుతుంది. మెంబ్రేన్ మీద పాన్సో ఎస్ అనే రంగు పోసి లేన్‌లోని మొత్తం ప్రోటీన్ కొలవండి. ఐదు నిమిషాల పని.