బేగంపేటలో రొనాల్డ్ రాస్ భవనం, సికింద్రాబాద్‌లో దోమల గది

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మేము దిగిన లాడ్జి పేరు రాయను గానీ, రోజుకు 1,600 రూపాయలు తీసుకుని, కిటికీకి చిరిగిన జాలీ ఉన్న గదిని అంటగట్టినవారి మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అర్ధరాత్రి కిందికి వెళ్లి అడిగితే కౌంటరులోని కుర్రాడు విరిగిన మస్కిటో కాయిల్ ఒకటి చేతిలో పెట్టి 30 రూపాయలు పుచ్చుకున్నాడు. లోగడ మలేరియాతో మంచం పట్టిన మా అమ్మ తెల్లవార్లూ చీర కొంగు నిండా కప్పుకుని కూర్చుంది.

చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం హాయిగా గడిచాయి. మర్నాడు, మలేరియా దోమల వల్లే వస్తుందని తేల్చిన రొనాల్డ్ రాస్ పరిశోధన చేసిన చోటు చూడాలని బేగంపేటకు ఆటో మాట్లాడుకుంటే, రాస్ పేరు వినగానే డ్రైవరు "కోరంటి దవాఖానే కదా సార్" అంటూ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ ఆసుపత్రికీ రాస్ పేరే ఉంది కనుక అతన్ని తప్పుపట్టలేను. కానీ అక్కడికి 240, తిరిగి బేగంపేటకు మరో 220 రూపాయలు అయ్యాయి, అమ్మ అలసిపోయింది.

పాత విమానాశ్రయం దగ్గరి ఆ భవనం ముందు నిలబడి, రాస్ పడ్డ శ్రమ అమ్మకు వివరంగా చెప్పాను. 1857లో అల్మోరాలో పుట్టిన ఆ సైనిక వైద్యుడు, కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయని పంకా కూడా లాగించకుండా, చెమటకు తుప్పుపట్టిన మరలున్న మైక్రోస్కోపు మీద వంగి పనిచేసి, 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కణాలను గుర్తించాడు. ఆ దోమలు హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగినవి, కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఇచ్చింది ఒక అణా. "జ్వరంతో ఉన్నవాణ్ణి కుట్టించి అణాయేనా?" అని అమ్మ నొచ్చుకుంది, నాకూ అదే అనిపించింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటుతోనే వ్యాపిస్తుందని రాస్ నిరూపించాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. హుసేన్ ఖాన్ పేరు కూడా మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి.

వెళ్లదలచినవారు మెట్రోలో ప్రకాశ్‌నగర్‌లో దిగి, ఆటోవారికి రాస్ పేరు చెప్పకుండా "పాత ఎయిర్‌పోర్టు" అనండి. లోపలికి అనుమతి సంగతి ముందే కనుక్కోండి. లాడ్జిలో అయితే కిటికీ జాలీ చేత్తో తడిమి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.