ఆటలమ్మే కదా అనుకుంటే లివర్ దాకా వెళ్ళింది: ఒక ఎమర్జెన్సీ గురించి, వార్డు గురించి నా రివ్యూ

5కి 4 ఇస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయట్లేదు, నా ఫిర్యాదు వాళ్ళకి విడిగా పంపాను.

మా తమ్ముడికి 34 ఏళ్ళు. కీళ్ళవాతానికి కొన్ని నెలలుగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాడు. ఒకరోజు పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకొచ్చింది. ముందు ఫోన్లో డాక్టర్ని చూపించే ఒక సర్వీసులో మాట్లాడాం, నాలుగు నిమిషాల్లో గ్యాస్ అని చెప్పి మాత్రలు రాసేశారు. ఏ మందులు వాడుతున్నావని ఆయన అడగలేదు. నేనైనా చెప్పాల్సింది, ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

మూడో రోజు రాత్రి జ్వరంతో, మెలికలు తిరిగిపోయే నొప్పితో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. డ్యూటీలో ఉన్న డాక్టర్ గారు చిన్న వయసు ఆవిడే. పొట్ట నొక్కి చూశాక అక్కడితో ఆగలేదు, టార్చి వేసి మెడ మీద, జుట్టు మొదట్లో వెతికారు. చెవి వెనక నీటి బొట్టంత పొక్కు ఒకటి, ఛాతీ మీద ఇంకో రెండు. మేమెవరం వాటిని చూడనేలేదు. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా? స్టెరాయిడ్లు వాడుతున్నారా?" అని వెంటవెంటనే అడిగారు. మొదటిదానికి లేదు, రెండోదానికి అవును. ఆ క్షణం నుంచి అక్కడ అందరి నడకా మారిపోయింది.

లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ 1,400 దాటింది, మామూలుగా అయితే 40 లోపు ఉంటుంది. రక్తం గడ్డకట్టడం ఎలా ఉందో చెప్పే ఐఎన్‌ఆర్ 1.7, మామూలుగా 1 దగ్గర ఉండాలి. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. ఆటలమ్మ వచ్చినప్పుడు లివర్ ఎంజైములు కాస్త పెరగడం చాలామందిలో జరిగేదే, దానంతటదే తగ్గిపోతుంది. ఇది అది కాదు. ఇక్కడ వైరస్ లివర్లోకే దిగి కణాలను చంపేస్తుంది. చాలా అరుదు, ఎక్కువగా స్టెరాయిడ్లు, కీమో, అవయవ మార్పిడి మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకే వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకీ ఎప్పుడో ఒకసారి వచ్చిన సందర్భాలున్నాయి. కష్టం ఎక్కడంటే, పొక్కుల కంటే కొన్ని రోజుల ముందే కడుపునొప్పి రావచ్చు, అందుకే అల్సర్ అనో పిత్తాశయంలో రాళ్ళనో అనుకుంటూ రోజులు గడిచిపోతాయి.

పొక్కులోని నీటిని వైరస్‌ని గుర్తుపట్టే పీసీఆర్ పరీక్షకి పంపారు కానీ రిపోర్టు కోసం ఆగలేదు, ఆ రాత్రే ఈ వైరస్‌కి ఇచ్చే మందు అసైక్లోవిర్ నరంలోకి మొదలుపెట్టారు. కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల లెక్కన 8 గంటలకోసారి, ప్రతిసారీ గంటసేపు నెమ్మదిగా ఎక్కించాలి. గబగబా ఎక్కిస్తే కిడ్నీల్లో స్ఫటికాలు పేరుకుంటాయట, దాంతో సెలైన్ పెట్టడం, యూరిన్ కొలిచి రాయడం రాత్రంతా సాగింది. స్టెరాయిడ్ని మీ అంతట మీరు ఆపొద్దని గట్టిగా చెప్పారు, ఉన్నట్టుండి మానేస్తే అదే ప్రాణాల మీదికి తెస్తుందని.

నర్సులకు విడిగా దండం పెట్టాలి. ఇంట్లో వేసుకున్న పారాసిటమాల్ స్ట్రిప్పులు తెమ్మని, ఖాళీ గుంతలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టారు, అసలే దెబ్బతిన్న లివర్ మీద అది ఇంకెంత భారం వేసిందో తెలియాలని. రోజూ పొద్దున్నే తమ్ముడిచేత చేతులు ముందుకు చాపించి వణుకు ఉందేమో చూసేవారు, ఒకే కాగితం మీద సంతకం పెట్టించేవారు, లివర్ పాడైన ప్రభావం మెదడు మీద పడుతోందేమో వాటిలో ముందే తెలుస్తుందని. రెండో రోజు సంతకం చివర్న వంకర తిరిగితే అరగంటలో పెద్ద డాక్టర్ గారు వచ్చేశారు, లివర్ మార్పిడి చేసే ఆసుపత్రికి అప్పుడే ఫోన్ చేసి ఉంచారు. ఆ అవసరం పడలేదు. ఐదో రోజు ఐఎన్‌ఆర్ 1.2కి దిగింది, ఆ రోజు తమ్ముడు "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు.

ఇక ఆ ఒక్క మార్కు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు మమ్మల్ని జనంతో నిండిన హాల్లో గంటా యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఆటలమ్మ గాలి ద్వారా అంటుకుంటుంది, పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అన్నీ చెక్కు కట్టేదాకా. మా పక్క కుర్చీలో ఒక గర్భిణి ఉంది. ఆటలమ్మ రాని గర్భిణి ఇలా రోగి పక్కన ఉంటే, అప్పటినుంచి 10 రోజుల్లోపు ఇవ్వడానికి యాంటీబాడీ ఇంజెక్షన్ ఉంది, కానీ ఆవిడకు ఎవరైనా చెబితేనే కదా. మర్నాడు నేను రిసెప్షన్లో అడిగితే, ఆ హాల్లో ఎవరెవరు కూర్చున్నారో తమ దగ్గర లేదన్నారు. వార్డులో సంతకం వంకర కూడా వదలని చోట ఇది ఎలా వదిలేశారో నాకు అర్థం కాలేదు, ఫిర్యాదులో మొదటి లైను అదే రాశాను.

ఇంటివాళ్ళ విషయంలో మాత్రం వార్డువాళ్ళే పట్టించుకున్నారు. నాకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో అమ్మకు గుర్తులేదు, రక్తం తీసి చూస్తే యాంటీబాడీలు లేవు. మర్నాడే టీకా వేశారు. నాకు పొక్కులు రాలేదు. రెండో డోసు వచ్చే వారం, అక్కడికే వెళ్తున్నాను.