చప్పుడు లేని షట్టర్‌తో చర్చి పెళ్ళిళ్ళు, ఒక ఊదారంగు విందు

నా 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాను కొన్నేళ్ళుగా వాడుతున్నాను. అందులోని సదుపాయాల్లో సగం ఇప్పటికీ ముట్టుకోలేదు. నేను దాన్ని కొన్నదీ, ఇన్నాళ్ళు ఉంచుకున్నదీ ఒక్క సుగుణం కోసమే: షట్టర్ చప్పుడు లేకుండా ఫొటో తీయగలగడం. కంపెనీ పేరు చెప్పడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ ఆ తరం కెమెరాల్లో చాలావాటికి ఉన్నవే. ఒక్కరినే పట్టుకొని నిందించడం న్యాయం కాదు.

నేను ఇంగ్లండ్‌లో పెళ్ళి ఫొటోలు తీస్తాను. ఎక్కువగా పల్లెటూరి చర్చిలో పెళ్ళి, ఆ తర్వాత ఏదో పాత జమీందారీ భవంతిని హోటల్‌గా మార్చిన చోట విందు. మన దగ్గరి చర్చి పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకు ఇక్కడి కట్టుబాట్లు వింతగా ఉంటాయి. గుంటూరులోనో నర్సాపురంలోనో అయితే ప్రమాణాలు చేయించే పాస్టరు గారికీ వధూవరులకూ మధ్యకు వీడియో లైటు వచ్చి నిలబడుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ వికార్, అంటే ఆ చర్చి పాస్టరు, మాటే చట్టం. ఫ్లాష్ వద్దు, అటూ ఇటూ నడవకూడదు, ఫలానా స్తంభం దాటి రాకూడదు. కొందరైతే ప్రమాణాలు చెప్పేటప్పుడు కెమెరా దించెయ్యమనే అంటారు. వాళ్ళను తప్పు పట్టలేను. నా పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం లేచి పడినప్పుడల్లా ఆ రాతి గోడల మధ్య సుత్తి దెబ్బలా మోగేది.

ఈ కెమెరా వచ్చాక వాదించడం మానేశాను. రిహార్సల్‌కు వెళ్ళినప్పుడే వికార్ చెవి పక్కన కెమెరా పెట్టి, నాలుగైదు ఫొటోలు తీసి, వెనక తెర మీద చూపిస్తాను. “ఎప్పుడు తీశారు?” అని అడగని వికార్ ఇంతవరకు తగల్లేదు. ఆ తర్వాత స్తంభం సరిహద్దు దానంతటదే కాస్త ముందుకు జరుగుతుంది.

ఒక డిసెంబరులో కాట్స్‌వోల్డ్స్ అనే పల్లె ప్రాంతంలో తీసిన పెళ్ళి గురించి చెప్పాలి. వధువుది గుంటూరు లూథరన్ కుటుంబం, వరుడిది ఆ చర్చి ఉన్న ఊరే. తేనెరంగు సున్నపురాయి ఇళ్ళు, నార్మన్ల కాలంనాటి చర్చి, పేరుకే కిటికీలు. డిసెంబరులో ఇక్కడ నాలుగింటికే పొద్దు గూకుతుంది. ఆ మసక వెలుతురులో 85 ఎంఎం లెన్సును బాగా తెరిచి ఎఫ్1.8 దగ్గర పెట్టి, కాంతి గ్రహింపును (ఐఎస్‌ఓ) 6400 దాకా పెంచాల్సి వచ్చింది. ప్రమాణం మధ్యలో వరుడి గొంతు పూడుకుపోయింది. వధువు అతని చేతిని బొటనవేలితో మెల్లగా నిమిరింది. చర్చి మొత్తం ఊపిరి బిగబట్టిన ఆ కాసేపట్లో నేను వరసగా తీస్తూనే ఉన్నాను, మొదటి బెంచీలోని వాళ్ళు కూడా తల తిప్పలేదు.

తర్వాత సంతకాలు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 నుంచీ పెళ్ళి రిజిస్టరులో తండ్రుల పేర్లే రాసేవారు. 2021 మే 4న పద్ధతి మారి, తల్లుల పేర్లకు కూడా చోటు దొరికింది. పత్రంలోని వివరాలు కనబడేలా తీయవద్దని వికార్ ముందే చెప్పారు. నేను పత్రం వైపు లెన్సు తిప్పనే లేదు. తన పేరు ఎక్కడుందా అని కళ్ళజోడు సర్దుకుంటూ వంగి వెతుకుతున్న వధువు తల్లిని తీశాను. టక్కుమని చప్పుడై ఉంటే ఆవిడ తలెత్తి, పైట సవరించుకొని, ఫొటో కోసం నవ్వేవారు. ఈ కెమెరా మీద నా ప్రేమకు సాక్ష్యం కావాలంటే ఆ ఫొటో చూపిస్తాను.

అయితే అదే చర్చిలో, గోపురం కింద గంటలు మోగించే బృందాన్ని కూడా ఇదే పద్ధతిలో తీశాను. తాళ్ళకు చేతిపట్టుగా రంగురంగుల ఉన్ని గుత్తి ఉంటుంది. అది ఒక ఫొటోలో మూరెడు సాగింది, ఇంకో ఫొటోలో కుదించుకుపోయింది. చప్పుడు లేకుండా తీసేది ఎలక్ట్రానిక్ షట్టర్, అది దృశ్యాన్నంతా ఒక్కసారిగా పట్టదు. బొమ్మను పట్టే సెన్సర్‌ను వరస తర్వాత వరసగా చదువుకుంటూ పోతుంది. నా కెమెరా లాంటివాటిలో ఆ చదువు పూర్తికావడానికి సుమారు సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఈలోగా కదిలినదల్లా వంకరపోతుంది. ఆ ఫొటోలు చూసి పెళ్ళివారు నవ్వుకున్నారు, అంతటితో పోయింది. సాయంత్రం జరిగింది మాత్రం నవ్వి ఊరుకునే రకం కాదు.

విందు జరిగిన భవంతిలో పెద్ద హాలు, గోడలకు ముదురు చెక్క పలకలు. హోటల్‌వాళ్ళు ముచ్చటపడి గోడల వెంబడి నేల మీద ఎల్‌ఈడీ దీపాలు పెట్టి, ఊదారంగు వెలుగును పైకి కొట్టించారు. కంటికి బాగానే ఉంది. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ముందుగా వధువు తండ్రి మాట్లాడాలి. పెద్దాయన ఇంగ్లీషులో రాసుకొచ్చిన కాగితం తీసి రెండు వాక్యాలు చదివారు. మూడో వాక్యం దగ్గర ఆగి, కాగితం మడిచి కోటు జేబులో పెట్టేసుకొని, తెలుగులో మొదలుపెట్టారు. వధువు అన్నయ్య ఆయన పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పసాగాడు. ఆ కాగితం మడిచిన క్షణం నాకు దొరికింది. తెర మీద చూసుకుంటే పెద్దాయన నుదుటి మీద ఊదా పట్టీ, ముక్కు మీద నల్ల పట్టీ, గడ్డం కింద మళ్ళీ ఊదా.

బ్రిటన్‌లో కరెంటు 50 హెర్ట్జ్, మన దగ్గరలాగే. దాని మీద నేరుగా వెలిగే చవక దీపాలు ఒక్కో ఆవృత్తికి రెండేసి చొప్పున సెకనుకు వందసార్లు మినుకుతాయి. సెకనులో పదిహేనో వంతు సేపు చదివే సెన్సర్ మీద ఆరేడు పట్టీలు పడతాయన్నమాట. కాంతి తగ్గించడానికి దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించే రకాలతో పట్టీలు ఇంకా సన్నగా, ఇంకా ఎక్కువగా వస్తాయి. షట్టర్ వేగాన్ని సెకనులో యాభయ్యో వంతుకు తగ్గించాను. పట్టీలు పలచబడ్డాయి, కానీ ఆయన చేతులు ఊపుతూ మాట్లాడే మనిషి, చేతులు అలుక్కుపోయాయి. ఈ కెమెరాలో సైలెంట్ పద్ధతిలో ఫ్లాష్ వెలగదు. టక్కుమని చప్పుడు చేసే మెకానికల్ షట్టర్‌కు మారడం తప్ప దారి లేకపోయింది.

కిక్కురుమనని హాలులో మొదటి టక్కు వినబడగానే పెద్దాయన మాట ఆపి నా వైపు తిరిగారు. “తీస్తున్నావా బాబూ? ఉండు, ఉండు” అని, కూర్చున్న భార్యను చెయ్యి పట్టి లేపి పక్కన నిలబెట్టుకున్నారు. అన్నయ్య ఆ మాటలను కూడా పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పేసరికి హాలంతా నవ్వింది. మిగిలిన ప్రసంగమంతా ఆవిడ ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. పెళ్ళివారు గోడకు తగిలించుకున్నది ఆ చప్పుడు తర్వాత తీసిన ఫొటోనే. కాగితం మడిచిన ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూశాను, పట్టీలు చెక్కు చెదరలేదు. ఆల్బంలో దాన్ని చిన్నదిగా వేయాల్సి వచ్చింది. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

అప్పటి నుంచి చప్పుడు మీద నా అభిప్రాయం కొంత మారింది. చర్చి బయట గ్రూపు ఫొటోలకు నిశ్శబ్దం పనికిరాదు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చలిలో పళ్ళు బిగబట్టి, నవ్వు ముఖాలు పెట్టుకొని, “ఇంకా తీయలేదా?” అని అడుగుతూనే ఉంటారు. టక్కు వినబడితేనే వాళ్ళకు విడుదల.

వేరే దారి లేకపోలేదు. నికాన్ 2021లో తెచ్చిన జెడ్9లో మెకానికల్ షట్టరే లేదు, సెన్సర్‌ను అంత వేగంగా చదువుతుంది. సోనీ 2023లో ప్రకటించిన ఏ9 మూడో తరం అయితే అన్ని వరసలనూ ఒకేసారి పడుతుంది, కాబట్టి ఈ వంకరలు, పట్టీలు రావు. ఏడాదంతా పని దొరికేవాళ్ళు వాటి గురించి ఆలోచించవచ్చు. నా పనిలో అధికభాగం మే నుంచి సెప్టెంబరు లోపలే అయిపోతుంది. ఆ ధర పెట్టి కొంటే వడ్డీ కూడా రాదు.

చర్చి పెళ్ళిళ్ళే ఎక్కువగా తీసేవాళ్ళు నా కెమెరా లాంటిది సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోవచ్చు, నేనైతే మళ్ళీ తీసుకుంటాను. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఎల్‌ఈడీ తెరల ముందు రిసెప్షన్లు తీసే మిత్రులకు మాత్రం ఈ ఒక్క సదుపాయం చూసి కొనమని చెప్పలేను. వాళ్ళకు వికార్ అడ్డం లేడు, నాకు వాళ్ళ లైట్లు లేవు. ఇప్పుడు నేను కెమెరా వెనక ఒక బటన్‌కు షట్టర్ మార్పిడి పెట్టుకున్నాను, పెళ్ళి ఖాయం కాగానే హోటల్‌వాళ్ళకు ఫోను చేసి హాలులో ఏ దీపాలు పెడతారో అడుగుతున్నాను. ఊదారంగు అన్నారంటే ఆ రోజు సంచిలో ఫ్లాషులు రెండు పడతాయి.