కుక్కకు కార్డురా బూటీలు: కాస్కేడ్ తడి మంచులో ఎంతవరకు పనికొస్తాయి?

సియాటెల్ చుట్టుపక్కల కుక్కను పెంచుకునే తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కావు. కాస్కేడ్ కొండల్లో మంచు పడ్డాక స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) కట్టుకొని అక్కడి స్నోక్వాల్మీ కనుమ వైపు నడవడానికి బయలుదేరితే, కుక్కను ఇంట్లో వదిలి వెళ్ళడానికి ఎవరికీ మనసొప్పదు. వెంట తీసుకువెళ్ళాలంటే దాని కాళ్ళకు ఏం తొడగాలన్నది మొదటి ప్రశ్న. పెంపుడు జంతువుల దుకాణాల్లో కంటికి ఎదురుగా కనిపించేవి రబ్బరు అడుగుతో, మనుషుల హైకింగ్ బూట్లకు చిన్న నమూనాల్లా ఉండేవి. నాలుగింటి సెట్టు 80, 90 డాలర్ల దాకా పలుకుతుంది. ఈ సమీక్ష వాటి గురించి కాదు. మంచు మీద బండి లాగే కుక్కల కోసం, కార్డురా అనే గట్టి నైలాన్ బట్టతో కుట్టే పలుచని బూటీల గురించి. ఇవి విడివిడిగా, ఒక్కొక్కటి కొద్ది డాలర్లకే దొరుకుతాయి. మా గోల్డెన్‌డూడుల్ (గోల్డెన్ రిట్రీవర్, పూడిల్‌ల సంకరం) బుజ్జికి రెండు రకాలూ వాడి చూసిన తరువాత, కాస్కేడ్ కొండల్లో మంచు నడకకు చవకైనదే మెరుగని నేను తేల్చుకున్నాను. అయితే ఆ మాటకు కొన్ని షరతులున్నాయి.

ఇక్కడ కుక్కను ఇబ్బంది పెట్టేది చలి కన్నా తడి. కుక్క పాదంలో వెచ్చని రక్తాన్ని మోసే ధమనులూ, చల్లబడిన రక్తాన్ని వెనక్కు తెచ్చే సిరలూ పక్కపక్కనే అల్లుకొని ఉండి ఒకదాని వేడిని మరొకదానికి అందిస్తాయి. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న కుక్క ఓ మోస్తరు చలిలో వట్టి కాళ్ళతోనే హాయిగా తిరుగుతుంది. చిక్కు వచ్చేది వేళ్ళ మధ్య వెంట్రుకలతో. స్నోక్వాల్మీ కనుమ ఎత్తు 3,022 అడుగులే. పసిఫిక్ సముద్రపు తేమను మోసుకొచ్చే గాలుల వల్ల అక్కడ మంచు విపరీతంగా పడుతుంది గానీ, ఉష్ణోగ్రత తరచుగా సున్నా డిగ్రీల చుట్టూనే ఉండటంతో ఆ మంచు బరువుగా, జిగటగా ఉంటుంది. స్థానికులు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అని వెక్కిరించడంలో అతిశయోక్తి లేదు. అటువంటి మంచు పాదపు వేడికి కాస్త కరిగి వెంట్రుకలను తడిపి, మళ్ళీ గడ్డకట్టి, అడుగడుగుకూ కొత్త పొరను చేర్చుకుంటూ ఉండలు కడుతుంది. హాయిగా పరుగెత్తుతున్న కుక్క ఉన్నట్టుండి ఆగి, కాలు పైకెత్తి, కూలబడి వేళ్ళ మధ్య కొరుక్కోవడం మొదలుపెట్టిందంటే కారణం ఇదే. ఆ ఉండను చేత్తో లాగితే వెంట్రుకలు ఊడివస్తాయి, చర్మం ఎర్రబడుతుంది. చేతి తొడుగు తీసి, అరచేతిలో పాదాన్ని పట్టుకొని, మెల్లగా నలుపుతూ కరిగించాలి. నాలుగు కాళ్ళకూ అలా చేసేసరికి మన వేళ్ళు కొయ్యబారిపోతాయి.

ఈ ఉండలను అడ్డుకోవడానికి మందమైన అడుగు అక్కరలేదు, వెంట్రుకలకూ మంచుకూ మధ్య ఒక్క పొర బట్ట ఉంటే చాలు. బండి లాగే కుక్కల బూటీ సరిగ్గా అదే పని చేస్తుంది. అది చిన్న సంచి ఆకారంలో కుట్టిన గట్టి నైలాన్ బట్ట, పైన ఒక వెల్క్రో పట్టీ, అంతే. కుడి ఎడమల తేడా లేదు, లోపల అస్తరు లేదు. చూడటానికి ఇంత నాసిరకంగా ఉన్నా దీని వెనుక అలాస్కా అనుభవం ఉంది. 1973లో మొదలై, యాంకరేజ్ ప్రాంతం నుంచి నోమ్ వరకు ఏటా జరిగే ఇడిటరాడ్ అనే కుక్కల మంచుబండి పందెంలో ఒక్కో కుక్కకు ఎనిమిది బూటీల చొప్పున, కాళ్ళకు తొడిగినవో బండిలో దాచినవో, తప్పనిసరిగా ఉండాలని నియమం. తొడిగిన నాలుగూ చిరిగిపోతే మార్చడానికి ఇంకో నాలుగు అన్నమాట. చిరుగుతాయని ముందే ఒప్పుకొని తయారుచేసిన వస్తువు ఇది, అందుకే చవక. దీన్ని ఎన్నాళ్ళు మన్నిందన్న కొలమానంతో తూచడం న్యాయం కాదు.

కొలత విషయంలో మాత్రం తొందర పనికిరాదు. కుక్కను కాగితం మీద నిలబెట్టి, కొలిచే కాలి పక్క కాలిని కాస్త పైకెత్తితే బరువంతా కింద ఉన్న పాదం మీద పడి వేళ్ళు విచ్చుకుంటాయి. అప్పుడు రెండు పక్కలా గీతలు గీసి, మధ్య వెడల్పు చూడాలి. పడుకున్న కుక్క పాదాన్ని కొలిస్తే ఒక సైజు తక్కువ వస్తుంది. చాలా కుక్కలకు ముందు పాదాలు వెనుక వాటికన్నా పెద్దవి. బుజ్జికి ముందర మీడియం, వెనుక స్మాల్ సరిపోయాయి. నాలుగూ ఒకే సైజులో కట్టి అమ్మే సెట్లతో పోలిస్తే, విడిగా కొనుక్కునే ఈ పద్ధతిలోని అసలు లాభం ఇక్కడే తెలుస్తుంది. బట్ట నేసిన దారం ఎంత లావో డెనియర్లలో చెబుతారు. 500 డెనియర్ది మెత్తగా ఉండి కుక్క త్వరగా అలవాటు పడుతుంది. 1000 డెనియర్ది ఎక్కువ కాలం నిలుస్తుంది గానీ బిరుసుగా ఉండి, మడత పడిన చోట ఒరుసుకుంటుంది. మంచు మీదే నడిచేవారికి 500 చాలు.

తొడగడం చంటిపిల్లకు మేజోడు తొడిగినంత పనే. పాదాన్ని లోపలికి పూర్తిగా దూర్చి, వేళ్ళు ముడుచుకోకుండా చూసి, పాదం పైన సన్నగా ఉండే చోట పట్టీ చుట్టాలి. లోపలి వైపు కాస్త పైన ఉండే ఉపగోరు మీద పట్టీ పడితే గంటలో అక్కడ ఒరిపిడి పుండు లేస్తుంది కాబట్టి దాన్ని తప్పించి బిగించాలి. పట్టీ కింద మన వేలు దూరాలి. ఊడిపోతుందన్న భయంతో గట్టిగా బిగించాలనిపిస్తుంది గానీ, బిగుసుకున్న పట్టీ రక్తప్రసరణను అడ్డుకుంటే పాదం వాస్తుంది, చలి మరింత పట్టుకుంటుంది. బండి తోలేవాళ్ళు విశ్రాంతికి ఆగిన ప్రతిచోటా బూటీలు విప్పేది అందుకే. మనం పులిహోర డబ్బా తెరిచే చోట కుక్క కాళ్ళకూ ఆ విరామం దక్కాలి. గోళ్ళు పెరిగి ఉంటే మొదటి నడకలోనే ముందు అంచుకు చిల్లు పడుతుంది, కనుక బయలుదేరే ముందురోజే కత్తిరించడం మంచిది.

మొదట తొడిగినప్పుడు ఏ కుక్కయినా కాళ్ళు విసిరి విసిరి అడుగులేస్తుంది. ఆ నడక చూసి ఇంటికి వచ్చిన మా అత్తయ్యగారు, "దాన్నెందుకమ్మా అలా హింసిస్తావు?" అని నన్ను మందలించారు. మంచుకాలం రాకముందే ఇంట్లో కాసేపు తొడిగి, తిండి ఆశ చూపి తిప్పితే కొన్నాళ్ళకు పట్టించుకోవడం మానేస్తుంది. రబ్బరు అడుగు బూట్లతో ఈ అలవాటు చాలా ఆలస్యమయింది. అడుగు మందంగా ఉంటే కింద ఏముందో పాదానికి తెలియదు, అదే తేడా అని నా ఊహ.

నడకలో ఈ బట్ట బూటీల పనితీరుకు స్నోక్వాల్మీ కనుమ దగ్గరి గోల్డ్ క్రీక్ లోయ మంచి పరీక్ష. ఐ-90 రహదారి నిర్మాణం కోసం కంకర తవ్విన గుంత నీటితో నిండి ఏర్పడిన గోల్డ్ క్రీక్ పాండ్ చుట్టూ చలికాలంలో స్నోషూలతో తిరుగుతారు. స్నో-పార్క్ (చలికాలంలో మంచు తీసి ఉంచే పార్కింగ్ స్థలం) పర్మిట్ తీసుకోవాలి, కుక్కకు లీష్ ఉండాలి. దారి చదునుగానే ఉంటుంది కాబట్టి కొత్తవారికీ కష్టం కాదు. అయితే లోయలో ఇంకా లోపలికి పోతే కొండ మీది మంచు ఒక్కసారిగా కూలి జారే (అవలాంచ్) దారుల కిందికి చేరతారు, ఆ రోజు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఇచ్చిన సూచన చూడకుండా అటు వెళ్ళకూడదు. తాజా మంచులో బుజ్జి వేళ్ళ మధ్య ఉండలు కట్టడం పూర్తిగా ఆగిపోయింది. మోకాలి వెనుక, పొట్ట కింద ఉంగరాల వెంట్రుకలకు మాత్రం ద్రాక్షగుత్తుల్లా వేలాడాయి, వాటికి బూటీ ఏం చేయగలదు? లోతైన మంచులో కాలు దిగబడి పైకి లాగినప్పుడు అప్పుడప్పుడు ఒకటి ఊడి లోపలే ఉండిపోతుంది. అందుకని నలుపు, బూడిద రంగులు వద్దు, నారింజ రంగువి కొనండి. కొద్దిసేపటికోసారి వెనక్కు తిరిగి నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుంటే వెతుకులాట ఆ కొద్ది దూరానికే పరిమితమవుతుంది.

లోపాల్లో పెద్దది పట్టు లేకపోవడం. ఇక్కడ చలికాలం మధ్యలో వాన పడి మళ్ళీ గడ్డకట్టడం మామూలే. అలాంటి గట్టి పొర మీద వట్టి గోళ్ళు ఆనినట్టు బట్ట ఆనదు, ఏటవాలులో కుక్క పక్కకు జారుతుంది. అటువంటి రోజున బూటీలు విప్పేయడమే మేలు. గట్టి పొర అంచులకు పాదం కోసుకుపోయే అలవాటున్న కుక్కకైతే గాళ్ళు పడిన రబ్బరు అడుగు బూట్లే సరైనవి, అక్కడ వాటి ధర దండగ కాదు. రెండో లోపం తడి. వాన మంచులో బట్ట నానిపోతుంది, కాబట్టి పొడి సెట్టు ఇంకొకటి సంచిలో లేకపోతే మధ్యాహ్నానికి తొడిగి కూడా ప్రయోజనం ఉండదు. మూడోది వస్తువు లోపం కాదు గానీ చెప్పాలి: మన స్నోషూ అడుగున ఉండే ఇనుప పళ్ళ నుంచి ఈ బట్ట ఏ రక్షణా ఇవ్వదు. మనం తొక్కిన దారిలోనే నడవడం సుఖమని కుక్క సరిగ్గా మన మడమల వెంట వస్తుంది, స్నోషూ తోక మీద కాలేస్తుంది. దాన్ని నాలుగడుగుల వెనక ఉంచడం నేర్పాల్సిందే.

బూటీలకు బదులు తేనెటీగ మైనంతో చేసే పాదాల లేపనం చాలదా అంటే, కుక్కను బట్టి ఉంటుంది. మా మిత్రుల లాబ్రడార్‌కు వేళ్ళ మధ్య వెంట్రుకలు పొట్టివి. బయలుదేరే ముందు మైనం పూసి, దారిలో ఒకసారి మళ్ళీ రాస్తే దానికి ఇంకేమీ అవసరం రాలేదు. వాళ్ళు బూటీల మీద డబ్బు పెట్టనవసరం లేదు. డూడుల్, గోల్డెన్ రిట్రీవర్, పూడిల్ వంటి వెంట్రుకల పాదాలున్న కుక్కలకు మాత్రం వేళ్ళ మధ్య వెంట్రుకలను అరికాలి మట్టానికి కత్తిరించి, పైన బూటీలు తొడగండి. మొదటిసారే ముందు కాళ్ళకు నాలుగు, వెనుక కాళ్ళకు నాలుగు తెప్పించుకోండి. ఇంటికి వచ్చాక వెల్క్రోలో ఇరుక్కున్న వెంట్రుకలను దువ్వెనతో తీసి, గోరువెచ్చని నీటిలో జాడించి నీడన ఆరేస్తే సరిపోతుంది. డ్రయ్యర్‌లో వేస్తే పట్టీ అంచులు ముడుచుకుపోతాయి.